ఆపరేషన్‌కి లక్షలు, ఊరికి 10,000

ఆరోగ్యశ్రీని తిట్టడానికి నాకు నోరు రాదు. 2007 నుంచి ఎన్నో ఇళ్ళని అప్పులపాలు కాకుండా కాపాడిన పథకం అది. కానీ గుండె ఆపరేషన్‌దాకా వచ్చాక లక్షలు కట్టే ప్రభుత్వం, బీపీ చూపించుకోమని ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకి ఇచ్చేదాన్ని ఇప్పటికీ గౌరవ వేతనం, పారితోషికం అనే అంటుంది. (జీతం అంటే ఉద్యోగి అని ఒప్పుకోవాలిగా!)

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు ఊరూరా ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీ ఉండాలన్నారు. చేతిఖర్చుకి ఏడాదికి 10,000. మురిక్కాలవ తీయించాలా, మంచినీళ్ళ ట్యాంకు కడిగించాలా అన్నది ఊరివాళ్ళే తేల్చుకుంటారని. చక్కటి ఆలోచనే, ఆ డబ్బుతో ఏడాదంతా ఏం చేయిస్తారన్నదే ప్రశ్న.

మీ ఊరి కమిటీలో ఎవరున్నారో ఈసారి ఫోన్‌లో అమ్మానాన్నల్ని అడగండి. కనీసం సర్పంచికైనా తెలుసేమో కనుక్కోమనండి.