ఆయుధం – బాధ్యత

కురుక్షేత్ర యుద్ధం ముగిసిన తరువాత అశ్వత్థామ, అర్జునుడు ఒకరిపై ఒకరు మహాస్త్రాలు ప్రయోగించారు. లోకానికి ముప్పు రాగలదని వ్యాసుడూ నారదుడూ నడుమ నిలిచి, వాటిని ఉపసంహరించమన్నారు. అర్జునుడు తన అస్త్రాన్ని మరలించుకోగలిగాడు. అశ్వత్థామకు అది చేతకాలేదు. చివరకు ఆ అస్త్రం పాండవుల ఇంట ఇంకా పుట్టని శిశువులపై పడింది. ఆయుధాన్ని సంపాదించడం వేరు, దానికి బాధ్యత వహించడం వేరు. యుద్ధ సాధనాల తయారీ శరవేగంగా మారుతున్న ఈ రోజుల్లో ఈ భేదాన్ని మరువరాదు.

ఒకప్పుడు ఆయుధాల తయారీ ప్రభుత్వాలకూ పెద్ద కర్మాగారాలకూ మాత్రమే సాధ్యమయ్యేది. అందుకు ఏళ్ల తరబడి కాలం పట్టేది. మన తేజస్ యుద్ధ విమానానికి 1983లో అనుమతి లభించింది. తొలి విమానం బెంగుళూరులో ఎగిరింది 2001లో. వైమానిక దళంలో చేరింది 2016లో. అంత క్లిష్టమైన నిర్మాణానికి ఓపిక తప్పదు. కాని అన్ని సాధనాలకూ అంత కాలం అక్కరలేదని అంకుర సంస్థలు, అనగా కొత్త ఆలోచనతో కొద్దిమంది ప్రారంభించే చిన్న సంస్థలు, నిరూపిస్తున్నాయి. బొంబాయి ఐ.ఐ.టి.లో చదివిన యువకులు 2007లో ఐడియాఫోర్జ్ అనే సంస్థను స్థాపించి, మనిషి ఎక్కకుండానే ఎగిరే డ్రోన్లను తయారుచేశారు. 2021లో భారత సైన్యం నిఘా కోసం వారి డ్రోన్లను కొనడానికి ఒప్పందం చేసుకొంది. ఇటువంటి వారిని ప్రోత్సహించడానికే కేంద్ర ప్రభుత్వం 2018లో చెన్నై సమీపాన జరిగిన రక్షణ ప్రదర్శనలో ‘ఐడెక్స్’ పథకాన్ని ప్రారంభించింది.

ఈ మార్పు ఎంత పెద్దదో ఉక్రెయిన్ యుద్ధం లోకానికి చూపింది. 2022 ఫిబ్రవరిలో రష్యా దండెత్తినప్పుడు ఉక్రెయిన్‌కు అంతటి సైన్యం గాని, అన్ని ఆయుధాలు గాని లేవు. చిన్న చిన్న సంస్థలు డ్రోన్లు చేసి సైనికులకు అందించాయి. యుద్ధరంగంలో బయటపడిన లోపాలను వారాల్లోనే సవరించాయి. కొన్ని వందల డాలర్ల డ్రోను లక్షల డాలర్ల యుద్ధ ట్యాంకును పనికిరాకుండా చేసింది. 2023లో ఆ ప్రభుత్వం ‘బ్రేవ్1’ పేరుతో ఈ సంస్థలకు అండగా నిలిచింది. 2025 జూన్ 1న రష్యా లోపలి విమాన స్థావరాలపై లారీలలో దాచి తెచ్చిన 117 డ్రోన్లతో దాడి చేశామని ఉక్రెయిన్ ప్రకటించింది. బలహీనుడు బలవంతుని ఎదుట నిలబడడానికి ఈ సాధనాలు ఊతమిచ్చాయనడంలో సందేహం లేదు.

అయితే నాణేనికి రెండో వైపు కూడా ఉంది. 2002లో చిన్న సంస్థగా మొదలైన స్పేస్ఎక్స్, తన ‘స్టార్‌లింక్’ ఉపగ్రహాల ద్వారా ఉక్రెయిన్‌కు ఇంటర్నెట్ అందించి ఎంతో మేలు చేసింది. కాని క్రిమియా తీరంలోని రష్యా నౌకలపై దాడికి ఆ సేవ అవసరమైనప్పుడు తాను అంగీకరించలేదని సంస్థ అధిపతి ఎలాన్ మస్క్ 2023లో స్వయంగా తెలిపారు. అంగీకరిస్తే తమ సంస్థ యుద్ధంలో భాగస్వామి అయ్యేదని ఆయన వాదన. ఆ నిర్ణయం మంచిదా, చెడ్డదా అన్నది వేరే సంగతి. ప్రజలు ఎన్నుకోని ఒక వ్యక్తి చేతిలో ఒక దేశపు యుద్ధ నిర్ణయం చిక్కుకోవడమే ఆలోచించవలసిన విషయం.

సంస్థలు తమకు తామే హద్దులు గీసుకొంటే చాలదా? 2017లో అమెరికా సైన్యం డ్రోన్లు తీసిన చిత్రాలను యంత్రమేధతో పరిశీలించే పనిని గూగుల్‌కు అప్పగించింది. ఆ సంస్థ ఉద్యోగులే వేల సంఖ్యలో సంతకాలు చేసి నిరసన తెలిపారు. సంస్థ ఆ ఒప్పందాన్ని పొడిగించలేదు. తన మేధను ఆయుధాలకు వాడబోనని మాట కూడా ఇచ్చింది. కాని 2025లో ఆ మాటను తన నియమావళి నుండి తొలగించింది. సంస్థ ఇచ్చిన మాట సంస్థ ఇష్టం ఉన్నంత వరకే. చట్టం అలా కాదు. అందరినీ కట్టడి చేస్తుంది.

“శత్రువు ఆగడు కదా, మనమెందుకు ఆగాలి?” అని కొందరు ప్రశ్నిస్తారు. ఇది తీసిపారేయదగిన ప్రశ్న కాదు. అయితే విషవాయువుల విషయంలోనూ ఈ ప్రశ్న వచ్చింది. అయినా 1993లో దేశాలు రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంపై సంతకాలు చేశాయి. భారతదేశం ఆ ఒప్పందాన్ని అంగీకరించి, తన నిల్వలను నాశనం చేసింది. మనిషి ప్రమేయం లేకుండా ప్రాణం తీసే యంత్రాలపై కూడా 2026 నాటికి ఒప్పందం కుదరాలని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ 2023లో కోరారు.

దేశరక్షణకు యువకుల తెలివి కావాలి. చిన్న సంస్థలకు చేయూత కావాలి. కాని ఒక ప్రాణం తీయాలా, వద్దా అన్న నిర్ణయం మాత్రం చట్టానికి లోబడిన, ప్రజలకు జవాబు చెప్పవలసిన మనిషి చేతిలోనే ఉండాలి. యంత్రాన్ని తప్పు పట్టగలమే గాని, దాన్ని బోనులో నిలబెట్టలేము. నేటి తరగతి గదుల్లోని విద్యార్థులే రేపు ఇటువంటి యంత్రాలకు రూపకల్పన చేస్తారు. అస్త్రాన్ని సంధించే విద్యతో పాటు మరలించే విద్యను కూడా వారు నేర్వాలి. అర్జునుడికి ఆ రెండూ తెలుసు.