వల ఆరబెట్టే రోజుకూ కూలి కట్టాలి

గట్టుకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. ఈ రెండేర్ల నడుమ నేలనే నడిగడ్డ అంటాం. నేడు జూరాల వెనుక నీటిలో పుట్టి మీద నుంచి వేసిన వల రేపు గట్టు పక్క పల్లె చెరువులో పడుతుంది. మరో వారానికి తుంగభద్ర ఒడ్డుకో, సరిహద్దు దాటి రాయచూరు పల్లెకో పోతుంది. ఆ వల తడి ఆరదు. ఆ తడిలోనే చేపల జబ్బు కూడా ప్రయాణం చేస్తుందన్న సంగతి మన మత్స్య సహకార సంఘాల సమావేశాల్లో మాటవరసకైనా వస్తున్నదా? గుత్త ధర, వాటాల లెక్క, పొద్దంతా వాటికే సరిపోతున్నది.

పుండ్ల జబ్బు సంగతే చూడండి. 1971లో జపాన్‌లో, 1972లో ఆస్ట్రేలియాలో బయటపడింది. ఆగ్నేయాసియా దేశాలన్నీ తిరిగి 1988లో మన ఈశాన్య రాష్ట్రాల్లో అడుగుపెట్టింది. కొద్ది ఏండ్లలోనే దేశంలో చాలా రాష్ట్రాలకు పాకింది. తొలుత ఎర్రమచ్చ, ఆపైన పుండు, చివరికి కండ ఊడి ఎముక కనబడుతుంది. కొర్రమట్టలు, పరకలు ముందు పోతాయి. జిలేబీలు తట్టుకుంటాయి. ఆ రోజుల్లో చేప తింటే మనుషులకూ పుండ్లు వస్తాయని పుకారు పుట్టి, మంచి చేపలు కూడా అంగట్లో కొనే దిక్కు లేకుండా పోయాయి. నిజానికి ఈ జబ్బు మనిషికి అంటేది కాదు. పుకారుకు షావుకారు నష్టపోలేదు, ఆ పూట గంప దించిన బెస్త ఆడమనిషి నష్టపోయింది.

దీనికి మూలం ఆఫనోమైసిస్ అనే బూజులాంటి నీటి జీవి. దాని బీజాలు నీళ్లలో ఈదుకుంటూ పోయి, చేప ఒంటి మీద గీరుకున్న చోట పట్టుకుంటాయి. వానలు వెనకపట్టి నీళ్లు చల్లబడే రోజుల్లో దాని విజృంభణ ఎక్కువ. అయితే దానికి ఒక బలహీనత ఉంది. ఎండకు ఆగదు, తడి లేకపోతే చస్తుంది. చేపల్ని పీడించే పేను గుడ్లు కూడా పూర్తిగా ఎండిపోతే బతకవు. అంటే మందు మన నెత్తి మీదనే ఉంది, పాలమూరు ఎండ!

వలను ముందు నీళ్లతో కడిగి, నాచు, బురద, పొలుసు ఊడదీయాలి. తరువాత ముడతలు లేకుండా పరిచి రెండు మూడు దినాలు ఎండలో ఆరనివ్వాలి. కుప్పగా పడేస్తే పైన ఎండినట్టు కనబడినా లోపల తడి ఉంటుంది. అంత టైము లేకుంటే వంద లీటర్ల డ్రమ్ములో వంద గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి అరగంట నానబెట్టి, మంచినీళ్లతో జాడించాలి. పుట్టి అడుగును, టబ్బులను, బుట్టలను, కాళ్ల చెప్పులను మరచిపోవద్దు. చచ్చిన చేపలను కాలువలో విసరడం మానేసి, గుంత తీసి సున్నం వేసి పూడ్చాలి.

"ఎట్లప్పా, మూడు దినాలు వల ఎండితే మా పొయ్యి ఎట్ల మండాల?" అని ఒక వల కూలీ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. శుభ్రత గురించి పాఠాలు చెప్పే అధికారులు ఈ ప్రశ్న దగ్గర మౌనం వహిస్తారు. నార్వేలో 1975లో సాల్మన్ చేపలకు ఒక పరాన్నజీవి పట్టి పదులకొద్దీ నదులకు పాకింది. అక్కడ ఒక నది నుంచి ఇంకో నదికి పోయే గాలాన్ని మందునీటిలో ముంచాలన్న నియమం పెట్టారు, నదుల పక్కన అందుకు కేంద్రాలూ తెరిచారు. అక్కడ గాలం వేసేవాడిలో సరదాకు వచ్చినవాడే ఎక్కువ. ఇక్కడ వల వేసేవాడు కిలోకు ఇంతని కూలికి వచ్చినవాడు. వల అతనిది కాదు, గుత్తేదారుది. లాభం వలగలవానికి, రోగం చెరువుకు, పస్తు కూలీకి. ఇదెక్కడి లెక్క?

అందుకే మన డిమాండు సూటిగా ఉండాలి. ప్రతి సంఘానికి సొంత వల ఉండాలి, అది ఆ చెరువు గట్టు దాటకూడదు. మనుషులు ఏ ఊరి నుంచైనా రావచ్చు, వల మాత్రం ఊరిదే. అప్పుడు వలగలవాడి వాటా కూడా తప్పుతుంది (గుత్తేదార్లకు ఈ మాట చేదుగా ఉండటానికి అసలు కారణం ఇదే!). బయటి వల రాక తప్పకపోతే, ఆరబెట్టే దినాల కూలి గుత్తేదారే కట్టాలని ఒప్పందంలో రాయించాలి.

"లిఫ్టు నీళ్లే జూరాల నుంచి వస్తున్నాయి, రోగం వాటితో రాదా?" అనేవారున్నారు. వస్తుంది, కాదనలేం. కానీ నీరు కాలువ పోయిన చోటికే పోతుంది. వలకు ఎగువా లేదు, దిగువా లేదు, వాన నీటి కుంటను కూడా వదలదు. 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకంతో లారీల మీద వచ్చిన పిల్లల సంగతి కూడా ఇంతే. సంచి విప్పేటప్పుడు పిల్లల ఒంటి మీద మచ్చ, పుండు ఉన్నదేమో చూసి, ఉంటే దింపుకోకుండా వెనక్కి పంపే హక్కు సంఘానికి ఉండాలి. సంచి నీటిని చెరువులో కుమ్మరించవద్దు.

ఎండాకాలం పట్టుబడులు మొదలయ్యేలోగా సంఘం సమావేశం పిలిచి, బ్లీచింగ్, సున్నం, రెండు డ్రమ్ముల ఖర్చు మత్స్యశాఖే భరించాలని తీర్మానం రాసి పంపండి. డ్రమ్ములు చెరువుకు దూరంగా పెట్టండి. బ్లీచింగ్ నీళ్లు చెరువులోకి పారితే, జబ్బు చంపకముందే అవి చేపల్ని చంపుతాయి.