పద్యబోధన – తెర పలికితే చాలునా?

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబులు పంపిణీ చేసింది. పరికరం చేతికందితే బోధన దానంతట అదే సృజనాత్మకమవుతుందన్న నమ్మకం ఇటువంటి పథకాల వెనుక కనిపిస్తుంది. తెలుగు పద్యం విషయంలో ఈ నమ్మకం నిలవదు.

పద్యానికి ప్రాణం నడక. అది పలికే నోటికి, వినే చెవికి మాత్రమే పట్టుబడుతుంది. ఆటవెలది బేసి పాదాల్లో మూడు సూర్యగణాల పిదప రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. ఈ లక్షణాన్ని వల్లె వేయించడం పాత పద్ధతి. తెరమీద రంగుల్లో చూపడం కొత్త పద్ధతి. రెండింటా విద్యార్థికి లక్షణమే మిగులుతుంది, పద్యం నోటికి రాదు.

అట్లని యంత్రాన్ని వెలివేయాలనే వాదమూ సరికాదు. విద్యార్థి తన పఠనాన్ని అదే ట్యాబులో రికార్డు చేసుకొని వింటే, పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ గల యతిమైత్రి చెవికే తెలుస్తుంది. అవధానంలోని సమస్యాపూరణాన్ని తరగతికి తెచ్చి, చివరి పాదమిచ్చి తక్కినవి కట్టమనవచ్చు. దీనికి కరెంటు కూడా అక్కరలేదు.

అయితే పదో తరగతి పబ్లిక్ పరీక్ష పద్యాన్ని రాతలోనే కొలుస్తుంది. ప్రతిపదార్థానికీ భావానికీ దక్కే మార్కులు పఠనానికి లేనప్పుడు, ఏ ఉపాధ్యాయుడు తరగతి సమయాన్ని విద్యార్థి గొంతుకు కేటాయించగలడు? మూల్యాంకనం మారనిదే ఎన్ని ట్యాబులు పంచినా తెర పలుకుతూనే ఉంటుంది, తరగతి మౌనంగానే ఉంటుంది.