మూవియోలా ముందా, కెమెరా ముందా?

ఒకప్పుడు సినిమా పత్రికలకి వచ్చే ఉత్తరాల్లో సగం హీరోయిన్ల చిరునామాల కోసమే. ఇప్పుడు కాలం మారింది. “సార్, ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటారు?” అన్నదే పెద్ద ప్రశ్న!

ఏలూరు నుంచి ఓ డిగ్రీ కుర్రాడు రాశాడు. సినిమా కబుర్లు చెప్పే ఛానల్ పెడతాడట. ఇంట్లో 4 జీబీ మెమరీ వున్న పాత కంప్యూటరుంది. సెలవుల్లో బట్టల కొట్లో పనిచేసి కూడబెట్టిన 6 వేలున్నాయి. ఆ డబ్బుతో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొనాలా, తెరని రికార్డు చేసేది కొనాలా? తేల్చి చెప్పమన్నాడు. పొరపాటుగా ఖర్చుపెడితే మళ్లీ వేసవి దాకా ఆగాలట.

తమ్ముడూ, ముందు ఆ డబ్బు తీసి లోపల పెట్టు. ఈ రెంటిలో దేనికీ పైసా కట్టక్కర్లేదు.

సినిమా భాషలో చెప్తాను. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కెమెరా లాంటిది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మూవియోలా. ఎడిటర్లు ఫిలిం ముక్కలు చూసి కత్తిరించుకునే ఆ యంత్రం 1924లో పుట్టింది. కెమెరా పని మూవియోలా చెయ్యదు, మూవియోలా పని కెమెరా చెయ్యదు. ఇక లైవ్ స్ట్రీమింగ్ అంటావా, అది సురభి నాటకం! తెర లేచాక ‘కట్’ చెప్పేవాడుండడు. మాట తడబడితే తడబడినట్టే జనంలోకి పోతుంది. కాబట్టి ముందు తేల్చుకోవలసింది సాఫ్ట్‌వేర్ పేరు కాదు, నీ నిర్ణయాలు మాట్లాడేటప్పుడే అయిపోతాయా, మాట్లాడాక మొదలవుతాయా అన్నది.

“తెర మీద కనిపించేదంతా రికార్డు చేస్తే సినిమా అయిపోదా?” అని కూడా అడిగాడు. దీనికి అసలైన జవాబు ‘సెర్చింగ్’ చిత్రం. 2018లో వచ్చింది. దర్శకుడు అనీష్ చాగంటి. అమెరికాలో పుట్టినవాడే గాని, ఇంటిపేరు వింటే మనకు వేరే చెప్పాలా? కనబడకుండా పోయిన కూతురి కోసం తండ్రి వెతుకులాట. కథంతా కంప్యూటర్, ఫోను తెరల మీదే నడుస్తుంది. చూసినవాళ్లు ఎవరో తెరని రికార్డు చేసి పెట్టారనుకుంటారు. నిజానికి నటీనటులతో షూటింగు 13 రోజులే! షూటింగుకి ముందే దర్శకుడు అన్ని వేషాలూ తనే వేసి, సినిమా మొత్తానికి ఓ నమూనా తయారుచేసుకున్నాడు. ఆ తర్వాత విల్ మెరిక్, నిక్ జాన్సన్ అనే ఇద్దరు ఎడిటర్లు ఆ తెరల్ని బొమ్మల్లా కట్టి, బాణం గుర్తు ఎక్కడ తటపటాయించాలో, టైపు చేసిన మాట ఎప్పుడు చెరిగిపోవాలో కూర్చుని కూర్చుని కుదిర్చారు. రాసి పంపకుండా చెరిపేసిన ఒక్క మాటలో తండ్రి గుండెకోత తెలుస్తుంది. అది రికార్డింగు వల్ల వచ్చింది కాదు సుమా, అచ్చంగా ఎడిటింగు మహిమ.

అయితే ముందు డావించి రిజాల్వ్ వేసుకోనా అంటావేమో. మంచిదే, ఉచితంగానే దొరుకుతుంది. మొదట రంగులు దిద్దడానికి పుట్టి, ఇప్పుడు పూర్తి ఎడిటింగు గది అయిపోయింది. కాని నీ 4 జీబీ కంప్యూటరు మీద అది ఎక్కితే ఎడ్లబండికి రైలింజను తగిలించినట్టే! షాట్‌కట్, కెడెన్‌లైవ్ తేలిక. అవీ ఉచితమే.

నీ వరకు నేను చెప్పేది, ముందు ఓబీఎస్ స్టూడియో. 2012 నుంచి వుంది, ఉచితం. ముఖం, మాట, తెర మూడూ పడతాయి. మైకు శబ్దం ఒక ట్రాకులో, కంప్యూటర్ శబ్దం ఇంకో ట్రాకులో పెట్టుకో, తర్వాత వేటికవి సరిచేసుకోవచ్చు. ఎంకేవీలోనే రికార్డు చెయ్యి. మధ్యలో కరెంటు పోయినా (మన వూళ్లలో పోదని ఎవడు హామీ ఇస్తాడు?) అప్పటిదాకా తీసింది దక్కుతుంది. మామూలు ఎంపీ4 అయితే ఫైలు మొత్తం తెరుచుకోకుండా పోయే ప్రమాదం వుంది. పని అయ్యాక ఫైల్ మెనూలో రీమక్స్ నొక్కితే ఎంపీ4 అయిపోతుంది.

ఒక్క హెచ్చరిక. ఓటీటీలో సినిమా పెట్టి రికార్డు చేద్దామంటే తరచు నల్లతెరే వస్తుంది. సాఫ్ట్‌వేర్ పాడైందని కంగారుపడకు, అది వాళ్లు కావాలని వేసిన తాళం. తాళం తీసే చిట్కాలు నన్నడక్కు. కబుర్లు నీవి, ముఖం నీది, అది చాలదూ?

ఆ 6 వేలతో ముందో మైకు కొనుక్కో. మసక బొమ్మని జనం భరిస్తారు, వినపడని మాటని భరించరు. మిగిలితే మెమరీ పెంచు. మొదటి వీడియో పది నిమిషాలు దాటనివ్వకు, నేను చివరిదాకా చూసి మరీ రాస్తాను.