వంటగదిలో వాసన లేని విషం

హైదరాబాద్‌లోని గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది మరణానికి మంటల కన్నా పొగే పెద్ద కారణమని తేలాక, వృద్ధాశ్రమాల వంటగదులను పట్టించుకోకపోవడం నేరంతో సమానం. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అగ్నిప్రమాదం లేకుండానే ప్రాణం తీయగలదు. గాలి ఆడని వంటగదిలో పొయ్యి సరిగా మండకపోతే చాలు. వంటగ్యాస్ లీకైతే అందులో కలిపిన ఘాటు వాసన హెచ్చరిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు మాత్రం రంగూ వాసనా లేవు, మామూలు పొగ అలారం దీన్ని గుర్తించదు. ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. వృద్ధులకు తలనొప్పి, వికారం, మగత వస్తే బీపీ అనో, వయసు అనో సరిపెట్టేస్తాం. మంచం దిగలేనివారు తప్పించుకోనూ లేరు. రసాయన శాస్త్రంలో పేరొందిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ(ఐఐసీటీ)కి కూతవేటు దూరంలోని హబ్సిగూడ, తార్నాకల్లోనైనా ఈ అజ్ఞానం కొనసాగరాదు. వృద్ధాశ్రమాలకు, హాస్టళ్లకు అనుమతులిచ్చేటప్పుడే వంటగదికి ఎగ్జాస్ట్ ఫ్యాను, వంటగది సమీపంలోనూ పడకగదుల్లోనూ కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్లు తప్పనిసరి చేయాలి. వాటిలోని సెన్సర్లకు కాలపరిమితి ఉంటుంది గనుక ఏటా తనిఖీ జరగాలి. అలారం మోగితే ఎవరు ఎవరిని బయటికి చేర్చాలో రాత్రి సిబ్బందికీ తెలిసి ఉండాలి. నగరపాలక సంస్థ, అగ్నిమాపక శాఖ మరో దుర్ఘటన కోసం ఆగకుండా ఈ పని చేపట్టాలి. తల్లిదండ్రులను ఆశ్రమంలో చేర్పించే పిల్లలు కూడా ముందుగా వంటగది చూసి, డిటెక్టర్ ఎక్కడుందో అడగాలి.