సంతకం లేనివాళ్లు

మొన్న పొద్దున పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగితే సందు మొదట్లో ట్రాలీ ఆటో నిండా పాత తలుపులు. కిటికీ రెక్కలు, ఇనుప గ్రిల్సు, నాలుగు టేకు దూలాలు. ఇంకో ఇల్లు 'డెవలప్‌మెంటుకి' వెళ్లిందన్నమాట. ఈసారి వెళ్లింది మామ్మగారి ఇల్లు.

చిక్కడపల్లిలో మా సందు చిన్నదే. అటు ఏడు, ఇటు ఏడు ఇళ్లు. 1994లో నేను ఫ్లాట్ కొనుక్కుని వచ్చినప్పుడు వాటిలో మూడే అపార్ట్‌మెంట్లు. ఇప్పుడు సొంత ఇళ్లు రెండు మిగిలాయి.

పోయినేడాది మామ్మగారు కబురు పెట్టారు. వెళ్తే స్టాంపు కాగితాల కట్ట ముందు పెట్టారు. "పిల్లలు అమెరికా నుంచి సంతకం పెట్టేయమంటున్నారు. నువ్వు ఆఫీసు కాగితాలు చదివినవాడివి. ఇందులో ఏముందో కాస్త చెప్పు నాయనా" అన్నారు.

చదివి చెప్పాను. స్థలం 400 గజాలు. కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు, ఎనిమిది ఫ్లాట్లు. సగం మామ్మగారికి, సగం బిల్డరుకి. "ఇంత చిన్న స్థలంలో ఎనిమిదా?" అని ఆశ్చర్యపోయారావిడ. హైదరాబాద్‌లో స్థలానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలన్న పరిమితిని 2006 నాటి నిబంధనలతో ఎత్తేశారు. ఎంత ఎత్తు కట్టొచ్చన్నది రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం, చుట్టూ వదిలే ఖాళీల మీద ఆధారపడుతుంది. అందుకే బిల్డరు ముందు చూసేది మన ఇంటిని కాదు, ఇంటి ముందు రోడ్డుని.

ఇంకో సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. ఫ్లాట్ అంటే గోడలే కాదు, కింద నేలలో విడదీయని వాటా కూడా. 400 గజాలను ఎనిమిదిమంది పంచుకుంటే ఫ్లాటుకి 50 గజాలు. అంటే మామ్మగారి నేల ఇకమీదట 200 గజాలే. రేపు ఎప్పుడో ఆ బిల్డింగ్ పాతబడి కూల్చాల్సి వస్తే చేతిలో మిగిలేది ఆ వాటానే. కాబట్టి ఏ ఫ్లాటుకి ఎన్ని గజాలో కాగితం మీద ఉండాలి.

2016లో వచ్చిన రెరా చట్టం అండగా ఉంటుందనుకుంటాం. కానీ 500 చదరపు మీటర్లకు మించని స్థలంలో, ఎనిమిదికి మించని ఫ్లాట్లు కడితే ఆ ప్రాజెక్టును రెరాలో నమోదు చేయించనక్కర్లేదు. 400 గజాలంటే 334 చదరపు మీటర్లు. మనలాంటి సందుల్లో చాలా ఇళ్లు ఈ లెక్కలోకే వస్తాయి. అందుకే అన్నీ అగ్రిమెంటులోనే రాయించుకోవాలి. మనకి ఏ అంతస్తులో ఏ ఫ్లాట్, ఎన్ని నెలల్లో ఇస్తారు, ఆలస్యమైతే నెలకి ఎంత, అప్పటిదాకా అద్దె ఎవరు కడతారు, నివాసయోగ్యత పత్రం ఎవరు తెస్తారు, అన్నీ. పవరాఫ్ అటార్నీ బిల్డరు వాటాకే పరిమితం కావాలి. పెరట్లో చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలేమో చూసుకోవాలి.

మామ్మగారు అంతా విన్నారు. "అన్నీ బావున్నాయి గానీ నాయనా, వెనక వాటాలో టైలరు సంగతి ఎక్కడ రాశారు? గేటు దగ్గర ఇస్త్రీ అబ్బాయి సంగతో?" అన్నారు.

కాగితాలు మళ్లీ మొదటి నుంచి తిరగేశాను. ఎక్కడా లేదు. టైలరు ఆ రెండు గదుల్లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాడు. ఇస్త్రీ బండి గేటు పక్కన వేపచెట్టు కింద ఉంటుంది. బిల్డరుని అడిగితే "అవి అగ్రిమెంటులో రాసేవి కాదమ్మా" అని నవ్వాడట.

మామ్మగారు నవ్వలేదు. టైలరుకి ఆరు నెలలు గడువిచ్చేదాకా సంతకం పెట్టనన్నారు. తనకొచ్చిన గుడ్‌విల్ డబ్బులోంచి అతనికి సామాన్ల ఖర్చు, కొత్త ఇంటి అడ్వాన్సు ఇచ్చారు. అతనిప్పుడు బోడుప్పల్ అవతల ఉంటున్నాడు. బండి సంగతి మాత్రం బిల్డరు నోటిమాటగా సరేనన్నాడు.

నిన్న ఇస్త్రీ అతన్ని అడిగాను, సామాను ఎక్కడ పెడుతున్నావని. "ప్రస్తుతానికి రోడ్డు మీదనే సార్. మాటైతే ఇచ్చిండు. బిల్డింగ్ అయినంక గేటు కాడ నిలవనిస్తరా మరి?" అన్నాడు. కాసేపాగి, "ఎన్కట మీ గేటు కాడ గూడ గిట్లనే అయింది గద సార్" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

నిజమే. ఆ బండి మొదట ఉన్నది మా అపార్ట్‌మెంటు గేటు పక్కనే. పదేళ్ల కిందట కార్లకి అడ్డమని అసోసియేషన్ మీటింగులో తీయించేశాం. ఇంటికొచ్చి పాత మినిట్స్ పుస్తకం వెతికాను. తీర్మానం కింద పదకొండు సంతకాలు. ఐదోది నాది. బండి అతన్ని ఆ రోజు మీటింగుకి పిలిచిన గుర్తు నాకు లేదు.

మా అపార్ట్‌మెంటు కూడా ఒకప్పుడు ఎవరిదో పెరడున్న ఇల్లే. ఆ పెరట్లో ఎవరుండేవారో, ఎటు వెళ్లారో నేనెప్పుడూ అడగలేదు. పాత ఇల్లు పోయిందని బాధపడటం తేలిక. కొత్త గేటు పక్కన ఆరడుగుల చోటు ఇవ్వడమే కష్టం.

వచ్చే ఆదివారం మా అసోసియేషన్ మీటింగు. లిఫ్టు మరమ్మతు, బోరు మోటారు తర్వాత మూడో అంశంగా 'ఇస్త్రీ బండికి చోటు' అని రాసిచ్చాను. ఈసారి అతన్నీ పిలుస్తున్నాం.