పోటు మట్టం వేరు, ప్రవాహం వేరు: సాల్మన్ వేట నుంచి మత్స్య విస్తరణకు

ఆటుపోట్లను గురించి విద్యార్థులకు బోధించేటప్పుడు మనం చంద్రునితో మొదలుపెట్టి పోటు పట్టికతో ముగిస్తాము. కానీ మత్స్యకారునికి కావలసింది పట్టికలోని నీటి ఎత్తు కాదు. ఆ ఎత్తు మారుతున్నప్పుడు నీరు ఏ దిక్కుకు, ఎంత వడితో కదులుతుందో అతనికి తెలియాలి. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్ల విస్తరణ సలహాలలో ఎటువంటి లోపం కలుగుతుందో చూపడానికి ఉత్తర అమెరికా పడమటి తీరపు సాల్మన్ వేట మంచి ఉదాహరణ అని నా అభిప్రాయం.

వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్యూజెట్ సౌండ్ భూభాగంలోకి లోతుగా చొచ్చుకొనిపోయిన సముద్రపు పాయ. సియాటిల్ వద్ద రోజులోని అత్యధిక, అత్యల్ప మట్టాల సగటు అంతరం సుమారు 3.5 మీటర్లు. అక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి గాని, వాటి ఎత్తులు సమానంగా ఉండవు. ఒక పాటు చాలా లోతుకు దిగుతుంది. మరొకటి సగంలోనే ఆగుతుంది. పోటు పెరిగే ఆరు గంటలలో నీరు వరుసగా పన్నెండింట ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి వంతులు కదులుతుందన్న నావికుల సూత్రాన్ని మనమూ తరగతిలో చెబుతాము. రెండు పోట్లూ ఇంచుమించు సమానంగా ఉండే తీరంలో అది పనికివస్తుంది. ప్యూజెట్ సౌండ్‌లో దానిని నమ్మి బయలుదేరిన పడవ చేపలున్న గంటను దాటిన తరువాత చేరవచ్చు.

ఇంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. నీటి మట్టం గరిష్ఠానికి చేరిన క్షణంలోనే ప్రవాహం ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఒక చివర మూసుకొనిపోయిన పాయలో ఇది దాదాపు నిజం. రెండు జలభాగాలను కలిపే డిసెప్షన్ పాస్ వంటి ఇరుకు మార్గంలో మాత్రం ప్రవాహం రెండు వైపుల మట్టాల తేడాను అనుసరిస్తుంది. కనుక నీరు నిలిచే వేళ ఏ ఒడ్డునున్న పోటు వేళతోనూ సరిపోలదు. అందుకే ఆ దేశంలో పోటు అంచనాలను, పోటు ప్రవాహాల అంచనాలను వేర్వేరుగా ప్రకటిస్తారు.

చేప ప్రవర్తన కూడా దీనినే ఆధారం చేసుకొని ఉంటుంది. సాల్మన్‌కు ఆహారమైన హెర్రింగ్, శాండ్ లాన్స్ వంటి చిన్నచేపలు బలమైన ప్రవాహానికి ఎదురీదలేక భూమి ముందుకు పొడుచుకొని వచ్చిన చోట్ల వెనుక ఏర్పడే సుడులలో గుమిగూడుతాయి. సాల్మన్ ఆ సుడి అంచుకు వచ్చి మేస్తుంది. ప్రవాహం దిశ మారగానే సుడి ఆ కొమ్ముకు అవతలి వైపున ఏర్పడుతుంది. చేపలూ అటే చేరుతాయి. అలాస్కాలోని కుక్ ఇన్లెట్‌లో, ఏంకరేజ్ వద్ద పోటుపాట్ల అంతరం సుమారు 9 మీటర్లు ఉండే జలాలలో, వేర్వేరు ప్రవాహాలు కలిసే గీత వెంబడి దుంగలు, నాచు బారులు తీరుతాయి. గిల్ నెట్ పడవలు సాకీ సాల్మన్ కోసం ఆ గీతలనే వెతుకుతాయి.

ఎరను లాగుతూ వేటాడేవారు చేసే పొరపాటు మరింత బోధప్రదం. జీపీఎస్ చూపేది భూమికి సాపేక్షంగా పడవ వేగం. ఎర అనుభవించేది నీటికి సాపేక్షమైన వేగం. ప్రవాహం 2 నాట్లు ఉన్నప్పుడు దానితోపాటు 3 నాట్ల వేగంతో పోయే పడవ ఎర 1 నాటు వేగంతోనే కదులుతుంది. అదే పడవ వెనుదిరిగి యంత్రంలో అదే 3 నాట్లు చూపితే ఎర వేగం 5 నాట్లు అవుతుంది. పైగా నదుల మంచినీరు పైపొరగా బయటకు, ఉప్పునీరు అడుగుపొరగా లోపలికి సాగే చోట లోతున ఉన్న ఎర ఎదుర్కొనే ప్రవాహం పైన కనబడేది కాదు. అనుభవజ్ఞుడు యంత్రాన్ని వదిలి, బరువు కట్టిన తీగ ఎంత వాలిందో చూస్తాడు. ఆ తీగ కూడా ఒక పరికరమేనని మనం అంగీకరించాలి.

ఇక నన్ను కలవరపెట్టే అంశం. ప్రవాహం చేపలను ఒకచోట చేరుస్తుంది. ఆ చోటు, ఆ వేళ తెలిసిన వేటగానికి నిల్వలు తగ్గుతున్నా పట్టుబడి తగ్గినట్లు కనబడదు. న్యూఫౌండ్లాండ్ కాడ్ విషయంలో ట్రాలర్ల పట్టుబడి రేట్లు నిల్వల పతనాన్ని కప్పిపుచ్చాయి. 1992లో వేటనే నిషేధించవలసి వచ్చింది. ప్యూజెట్ సౌండ్ చినూక్ సాల్మన్ 1999లో ప్రమాదంలో ఉన్న జాతిగా నమోదైంది. కాబట్టి పోటు వేళను వివరించే సలహా అధిక వేటకూ సాధనం కాగలదు. లమ్మీ మొదలైన తీరపు ఆదివాసుల రీఫ్‌నెట్ పద్ధతిని ఇక్కడ గుర్తుచేయాలి. నీరు సరైన దిక్కుకు పారే వేళ రెండు పడవల నడుమ వలను నిలిపి, తాళ్లతో ఏర్పరచిన దారి వెంట చేపను పైకి రప్పించి పడతారు. వద్దనుకున్న జాతిని ప్రాణంతోనే వదిలివేయవచ్చు. ప్రవాహజ్ఞానమూ సంయమమూ ఒకే వలలో ఇమిడిన ఇటువంటి పద్ధతులు అరుదు.

ఇది మనకెందుకన్న ప్రశ్న సహజమే. సముద్రం నుండి నదిలోకి గుడ్లు పెట్టడానికి వచ్చే పులస ఆ విధంగా సాల్మన్‌కు సాటిది. అయితే పులస ప్లవకాలను తినే చేప కనుక ఎర పాఠం దానికి వర్తించదు. ప్రవాహ పాఠం వర్తిస్తుంది. గోదావరి వరద ఉధృతంగా ఉన్నప్పుడు పోటు నదీముఖంలో మట్టాన్ని పెంచినా ప్రవాహాన్ని వెనక్కి మళ్లించలేకపోవచ్చు. అటువంటి రోజున పోటు పట్టికను యథాతథంగా చదివి వినిపించిన సలహా లంకలలోని మత్స్యకారుని ముందు నిలవదు. నేను చూసిన విద్యార్థుల సర్వే పత్రాలలో తేదీ, వల రకం, పట్టుబడి బరువు ఉంటాయి. వల వేసినప్పుడు నీరు ఎటు పారుతోందో ఉండదు. ఆ వివరం లేని పట్టుబడి తగ్గిందా, లేక వల వేసిన వేళ మారిందా అన్నది తరువాత ఎవరూ తేల్చలేరు.

ఉపగ్రహాలు కొలిచిన సముద్రోపరితల ఉష్ణోగ్రత, పత్రహరితం ఆధారంగా హైదరాబాదులోని ఇన్‌కాయిస్ చేపలు లభించే ప్రాంతాలను సూచిస్తున్నది. నదీముఖాలలో గంటగంటకూ మారే నీటి వడి ఆ సూచనల పరిధి కాదు. దానిని విద్యార్థులే కొలవవచ్చు. అమావాస్య నుండి పౌర్ణమి వరకు, అంటే అష్టమి నాటి చిన్న పోట్లు కూడా కలిసే విధంగా, ఒకే రేవు వద్ద గంటకొకసారి కొబ్బరికాయను నీటిలో వదిలి, కొలిచిన తాడు పొడవు దూరం పోవడానికి పట్టే సమయాన్ని దిశతో సహా రాసుకోవాలి. ఆ పక్కనే ఆ గంటలో వల వేసిన మత్స్యకారుడు నీటిని గురించి తన మాటలలో ఏమన్నాడో కూడా రాయాలి.